ఆశ్రయం అప్పీళ్ల గెలుపోటములు తొలి విచారణలోనే

సొంత దేశంలో హింసకు భయపడి వచ్చినవారు అమెరికాలో పెట్టుకునే ఆశ్రయం దరఖాస్తు తిరస్కరణకు గురైనా, పైకోర్టు ఉంది కాబట్టి తప్పును ఎక్కడో ఒకచోట సరిదిద్దుతారని చాలామంది నమ్ముతారు. అప్పీలు హక్కు ఉన్నమాట నిజమే గానీ, ఆ నమ్మకం మాత్రం నిలబడేది కాదు.

తొలి విచారణ జరిపే ఇమ్మిగ్రేషన్ జడ్జి న్యాయశాఖ ఉద్యోగి. ఆ తీర్పుపై అప్పీలు వినే బోర్డు కూడా ఆ శాఖలోదే. బోర్డు తీర్పును తన ముందుకు తెప్పించుకుని తిరగరాసే అధికారం ఆ శాఖ అధిపతి అయిన అటార్నీ జనరల్‌కు ఉంది. గృహహింస బాధితుల ఆశ్రయానికి దారి మూసేలా 2018లో అప్పటి అటార్నీ జనరల్ జెఫ్ సెషన్స్ ఇచ్చిన నిర్ణయాన్ని 2021లో ఆ పదవిలో ఉన్న మెరిక్ గార్లండ్ రద్దు చేయగా, 2025లో అదే పదవిలో పామ్ బోండీ మళ్లీ నిలబెట్టారు. ప్రభుత్వం మారినప్పుడల్లా మారేదాన్ని న్యాయం అనడం కష్టం.

ఈ మెట్లు దాటాక 30 రోజుల్లోగా న్యాయశాఖకు బయట ఉండే కేంద్ర అప్పీళ్ల కోర్టును, అంటే ఫెడరల్ సర్క్యూట్ కోర్టును ఆశ్రయించవచ్చు. న్యాయసూత్రాల విషయంలో ఆ కోర్టు స్వతంత్రంగానే ఆలోచిస్తుంది. వాస్తవాల దగ్గరకు వచ్చేసరికి మాత్రం కొత్త సాక్ష్యం తీసుకోదు. సహేతుకంగా ఆలోచించే ఎవరైనా వేరే నిర్ణయానికి రాక తప్పదని తేలితేనే కింది నిర్ధారణను కొట్టివేస్తుంది. అంటే తొలి విచారణలో రికార్డుకెక్కనిది పైన దాదాపు లేనట్టే.

ఆ రికార్డు ఎలా తయారవుతోందన్నదే అసలు ప్రశ్న. హింసకు గురయ్యే అవకాశం పది శాతమే ఉన్నా భయం సహేతుకమే కావచ్చని సుప్రీంకోర్టు 1987లో ఒక నికరాగువా మహిళ కేసులో చెప్పింది. అంత ఉదారమైన ప్రమాణం ఉన్నా, కేసు మూలానికి సంబంధించని చిన్న పొంతనలేమిని పట్టుకుని కూడా వాంగ్మూలాన్ని నమ్మకుండా ఉండే వీలు 2005 నాటి రియల్ ఐడీ చట్టం కల్పించింది. చిత్రహింసలు అనుభవించిన మనిషి తేదీలు తడబడటం సహజం. పైగా దుబాసీ ద్వారా చెప్పుకోవాలి. న్యాయవాదిని పెట్టుకోవచ్చు గానీ ప్రభుత్వ ఖర్చుతో కాదని చట్టమే అంటోంది కనుక, నిర్బంధ కేంద్రంలో ఉన్న పేదవాడు శిక్షణ పొందిన ప్రభుత్వ న్యాయవాది ముందు ఒంటరిగా నిలబడాలి.

అప్పీళ్లు కాలయాపనకేనని వాదించేవారు 2002 అనుభవాన్ని గుర్తుచేసుకోవాలి. పెండింగ్ తగ్గించాలని అప్పటి అటార్నీ జనరల్ జాన్ ఆష్‌క్రాఫ్ట్ బోర్డు సభ్యులను 23 నుంచి 11కు కుదించి, ఒకే సభ్యుడు కారణాలు చెప్పకుండా తీర్పును ఖరారు చేసే పద్ధతిని విస్తరించారు. ఫలితంగా కేసులు ఫెడరల్ కోర్టులకు వెల్లువెత్తాయి. కింది స్థాయి తీర్పులు న్యాయానికి ఉండాల్సిన కనీస ప్రమాణాలను కూడా అందుకోవడం లేదని 2005లో ఏడో సర్క్యూట్ న్యాయమూర్తి రిచర్డ్ పోస్నర్ రాశారు.

అన్నిటికన్నా బాధాకరమైనది మరొకటి. సర్క్యూట్ కోర్టులో కేసు వేసినంత మాత్రాన బహిష్కరణ ఆగదు. స్టే విడిగా తెచ్చుకోవాలి. బహిష్కరణ తర్వాత కేసు గెలిచినవారిని వెనక్కి రప్పిస్తామన్న ప్రభుత్వ మాటను సుప్రీంకోర్టు 2009లో పరిగణనలోకి తీసుకుంది. అలాంటి పటిష్ఠమైన విధానం లేదని 2012లో ప్రభుత్వమే కోర్టుకు లేఖ రాసి ఒప్పుకుంది. కాబట్టి తొలి విచారణకే ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాదిని ఇవ్వాలి, సర్క్యూట్ కోర్టు తేల్చేవరకు బహిష్కరణ దానంతటదే ఆగిపోవాలి. ఈ రెండూ అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ చేయగలిగిన సవరణలే.