జిరాఫీకీ సుస్సుకీ మధ్య

జూలు, అక్వేరియంలు, మ్యూజియంలు వాళ్ళ బోర్డుల మీద వేసుకునే ఫొటోలు చూస్తుంటారు కదా, ఒక నాన్న భుజాల మీద పాప కూర్చుని ఉంటుంది, అమ్మ నవ్వుతూ ఏదో చూపిస్తుంటుంది, వెనకాల ఒక జంతువు కూడా బుద్ధిగా కెమెరా వైపే చూస్తుంటుంది. ఆ ఫొటోల్లో బాత్రూమ్ లైను మాత్రం ఎప్పుడూ ఉండదు. నన్నడిగితే ఫొటో తీయాల్సిందే అక్కడ, ఎందుకంటే నాలుగేళ్ళ పిల్లతో ఎక్కడికెళ్ళినా మనం తీరిగ్గా చూసేది అదొక్కటే, మిగతావన్నీ ఒక బాత్రూమ్ నుంచి ఇంకో బాత్రూమ్‌కి పోయే దారిలో తగుల్తాయి అంతే.

మొన్న ఆదివారం జూకి బయల్దేరాం. బయల్దేరాం అని ఒక్క ముక్కలో రాసేశా గానీ దాని వెనక డైపర్లు, వైప్స్, సిప్పర్లు, చిన్నోడు లేకపోతే పడుకోని ఆ చెవి తెగిన కుందేలు బొమ్మ, ఇవన్నీ ఉన్నాయి, ఆ గొడవంతా పిల్లలున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, లేనివాళ్ళకి చెప్పినా అర్థం కాదు. నేను రెండు బ్యాగులు సర్దాను. మా ఆయన వచ్చి చూసి "మనం వెళ్ళేది ఒక్క పూటకి, ఇల్లు ఖాళీ చేసి పోవట్లేదు" అని ఒక బ్యాగు తీసి మంచం మీద పెట్టేశారు. ఏ బ్యాగు పెట్టేశారో తర్వాత చెప్తా, ఆ బ్యాగు మీదే కథంతా ఉంది.

కారెక్కే ముందు పెద్దదాన్ని సుస్సుకి వెళ్ళిరమ్మన్నాను. రావట్లేదంది. ఊరికే కూర్చో, అదే వస్తుందన్నాను. కూర్చుంది, పాట పాడింది, గోడ మీద బల్లిని పలకరించింది, రాలేదని లేచి వచ్చేసింది. అందరం ఎక్కి బెల్టులు పెట్టుకుని కారు వీధి మలుపు తిరగ్గానే "అమ్మా, ఇప్పుడొస్తోంది". వెనక్కి తిప్పాం. మా అత్తయ్య ఏమీ అనకుండా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఆవిడ ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి, ఇలాంటివాటికి చలించరు.

మా ఆయనకి ఏ సమస్య వచ్చినా ఒక ఫార్ములా దొరుకుతుంది. రెండోసారి బయల్దేరాక దారిలో అదే మొదలుపెట్టారు. పిల్లల వయసుకి రెండు కలిపి, దాన్ని ముప్పైతో గుణిస్తే వాళ్ళ మూత్రాశయం ఎన్ని మిల్లీలీటర్లు పడుతుందో తెలుస్తుందంట, డాక్టర్లు సుమారుగా వేసుకునే లెక్కంట. అంటే మా పెద్దదానికి 180. చిన్నోడికి 120, కానీ వాడు డైపర్లో మహారాజు, వాడికి లెక్కలతో పనిలేదు. "జ్యూస్ ప్యాకెట్ ఎంతుంటుంది?" అన్నారు. 200 అన్నాను. "చూశావా, ట్యాంకు కన్నా బకెట్టు పెద్దది, తప్పు డిజైన్‌లోనే ఉంది" అన్నారు, మొత్తానికి ప్రపంచ రహస్యం పట్టేసినట్టు. తాగిందంతా అటే పోదు కదండీ, చెమటకి కొంత పోతుంది అంటే వినరు. వెనక సీట్లోంచి అత్తయ్య మాత్రం "ఒరేయ్, ఎండలో పసిదాన్ని ఎండబెడతావా, దానికి దాహమేస్తే నీళ్ళు ఇవ్వాల్సిందే" అని ఒక్క మాటతో ఆ డిబేట్ ముగించేశారు. అప్పుడు కుదిరిన రాజీ ఏంటంటే నీళ్ళు పిల్లకి, జ్యూసులు ఆయనకి. తెచ్చిన జ్యూసులు వేస్ట్ అవ్వకూడదు కదా అని, పాపం, ఒక్కోటీ త్యాగంలా తాగడం మొదలుపెట్టారు.

జూలో పులి మా పెద్దదానికి నచ్చలేదు, పడుకుంది కాబట్టి. జింకలు నచ్చలేదు, చాలా ఉన్నాయి కాబట్టి. ఎలుగుబంటి ఎన్‌క్లోజర్ ముందు చీమల బారు ఒకటి బిస్కెట్ ముక్కని మోసుకుపోతుంటే అక్కడ గొంతుక్కూర్చుంది, ఇక లేవదు. వెనక ఎలుగుబంటి రెండు కాళ్ళ మీద నిలబడింది, జనమంతా హోహో అన్నారు, ఇది తలెత్తలేదు. టికెట్ కొన్నది చీమల కోసమా అని మా ఆయన బాధ.

సరే ఏనుగు దగ్గరికి లాక్కెళ్ళాం. అక్కడ ఏనుగు ఏం చేసిందంటే, సరిగ్గా మేం వెళ్ళి నిలబడగానే, సుస్సు పోసింది. నేను చెప్పేది మీకు అర్థం కావట్లేదు, అది సుస్సు కాదు, ఎవరో పైన మున్సిపాలిటీ పైపు విప్పినట్టుంది. పెద్దదానికి జీవితంలో ఇంతకన్నా గొప్ప దృశ్యం లేదు, చప్పట్లు కొడుతోంది. మా ఆయన ఇంకా ఎక్కువ సంబరపడిపోయి పైకి లెక్కపెడుతున్నారు, పదిహేడు, పద్దెనిమిది, పందొమ్మిది అని. పక్కనున్నవాళ్ళు చూస్తున్నారన్న ధ్యాస కూడా లేదు. ఇరవై దాటాక ఆగింది. "చూశావా!" అన్నారు. విషయం ఏంటంటే 2014లో అమెరికాలో కొందరు సైంటిస్టులు దీని మీద రీసెర్చ్ చేశారంట, మూడు కిలోల బరువు దాటిన క్షీరదాలు చిన్నవైనా పెద్దవైనా దాదాపు 21 సెకన్లలోనే పని ముగిస్తాయంట, కొంచెం అటూ ఇటూగా. ఏనుగుకి 18 లీటర్లు పట్టే సంచీ ఉన్నా అంతే టైమంట, ఎందుకంటే పెద్ద జంతువుకి లోపలి గొట్టం కూడా పొడుగు, గ్రావిటీ వల్ల ధార వేగం పెరుగుతుంది. దానికి మరుసటి ఏడు ఇగ్ నోబెల్ కూడా ఇచ్చారు. ఇగ్ నోబెల్ అంటే ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే రీసెర్చ్‌కి ఇచ్చే బహుమతి. నాకు ఆలోచించే టైము దొరకలేదు, ఎందుకంటే అంత ధార చూశాక ఏ పిల్లకైనా ఏమవుతుందో అదే అయింది.

"అమ్మా, నాకూ."

పరిగెత్తాం. మూడు నాలుగేళ్ళ పిల్లలు రోజుకి కనీసం 180 నిమిషాలు కదులుతూ ఆడుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, మా పిల్ల ఆ కోటాలో సగం జూలో బాత్రూమ్‌ల వైపు పరిగెత్తడంలోనే కట్టేసి ఉంటుంది, నాక్కూడా బోనస్.

ఆ 21 సెకన్ల సైంటిస్టులు లెక్కలో కలపనివి కొన్ని ఉన్నాయి. డోర్ గడియ నేనే వేస్తా అని అది ఎత్తుకోమనడం, సీటు చల్లగా ఉందనడం, పక్క బాత్రూమ్‌లో ఎవరున్నారో కిందనుంచి వంగి చూడటం, "ఆంటీ, మీ చెప్పులు బావున్నాయి" అనడం. వీటన్నిటికీ పైన ఆ ఆటోమేటిక్ ఫ్లష్ ఒకటి. ఎదురుగా మనిషి ఉన్నంతసేపూ సెన్సర్ ఊరుకోవాలి, లేవగానే నీళ్ళు వదలాలి. మా పిల్ల బొటనవేలంత ఉంటుంది, పైగా కూర్చున్నచోట అటూ ఇటూ కదులుతుంది, సెన్సర్‌కి అది ఉన్నట్టా లేనట్టా అర్థం కాక ఇది కూర్చుని ఉండగానే భళ్ళున ఫ్లష్ అయిపోయింది. అది కెవ్వుమని నా మెడకి చుట్టుకుంది. వచ్చేది కూడా ఆగిపోయింది. దాని ఫ్రాక్ మీద సీతాకోకచిలుక స్టిక్కర్ ఉంటే పీకి ఆ సెన్సర్ కన్ను మీద అంటించాను, ఇది బాగా పనిచేస్తుంది, పిల్లలున్నవాళ్ళు బ్యాగులో నాలుగు స్టిక్కర్లు పడేసుకోండి, తర్వాత పీకేయడం మర్చిపోకండి. పని అయింది. బయటికొచ్చేసరికి జిరాఫీల వైపు వెళ్దామనుకుంటుండగా వాన.

చినుకులు కాదు, దంచింది. అందరూ దగ్గర్లో ఉన్న హాల్లోకి దూరారు, మేమూ దూరాం, అది రాత్రిపూట తిరిగే జంతువుల హాలు. అక్కడ పగలు చీకటిగా ఉంచి రాత్రిళ్ళు లైట్లు వేస్తారు, దాంతో ఆ జంతువులు మనం వచ్చే టైమునే రాత్రి అనుకుని లేచి తిరుగుతాయి. బ్రహ్మాండమైన ఐడియా, ఒప్పుకుంటాను, కానీ అదే చీకటికి చిన్నోడు కూడా రాత్రయిందనుకుని స్ట్రోలర్‌లో గురకపెట్టాడు, అంటే వాడు రాత్రి పన్నెండింటికి నాతో ఆడుకుంటాడన్నమాట. అత్తయ్య ఒక బెంచీ చూసుకుని శాలువా కప్పుకున్నారు. అద్దం వెనక కొమ్మకి తలకిందులుగా ఒక స్లాత్ వేలాడుతోంది. మా ఆయన ఇంకో జ్యూస్‌కి స్ట్రా గుచ్చుతూ బోర్డు చదివి చెప్పారు, ఇది బాత్రూమ్‌కి వారానికి ఒక్కసారి మాత్రమే చెట్టు దిగుతుందంట అని.

నేను ఆ స్లాత్ వైపు చాలాసేపు చూశాను. అత్తయ్య కూడా చూసి "ఎవరి కడుపున పుట్టిందో, ఎంత బుద్ధిమంతురాలో" అన్నారు.

అక్కడ చేతులు కడుక్కోవాలంది పెద్దది, అద్దం మీద నాలుక పెట్టింది కాబట్టి నేను కూడా కాదనలేదు. నాలుకకీ చేతులకీ ఏంటి సంబంధం అంటే నాకూ తెలీదు. అక్కడి ట్యాప్ కూడా సెన్సర్‌దే. చెయ్యి పెడితే రాదు, తీస్తే వస్తుంది. ఎత్తుకుని పట్టుకున్నా, నీళ్ళొచ్చాయి, అది సంతోషం పట్టలేక బొటనవేలితో ట్యాప్ మూతి మూసింది. ఒత్తిడికి నీళ్ళు విసనకర్రలా విప్పుకుని దాని ఫ్రాక్ మీద, నా మీద, పక్కన లిప్‌స్టిక్ దిద్దుకుంటున్న ఒకావిడ మీద. ఆవిడ పెద్ద మనసు, ఒక్క మాట అనలేదు, సగం పెదవితోనే వెళ్ళిపోయింది.

ఫ్రాక్ పిండితే నీళ్ళు కారుతున్నాయి. బ్యాగు తెరిచాను. అందులో చిన్నోడి డ్రెస్సులే ఉన్నాయి, చొక్కాలు, నిక్కర్లు, ఒక ఉన్ని టోపీ కూడా. పెద్దదాని బట్టలన్నీ ఏ బ్యాగులో ఉన్నాయో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది, అది మంచం మీద హాయిగా ఉంది. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన ఒక్కసారిగా గబ్బిలాల మీద విపరీతమైన ఆసక్తి కనబరిచి అద్దానికి ముఖం ఆనించేశారు.

పిల్లని అత్తయ్య శాలువాలో చుట్టి ఆవిడ ఒళ్ళో పడేసి, ఫ్రాక్ పట్టుకుని హ్యాండ్ డ్రయర్ దగ్గరికి వెళ్ళాను. పిల్లని లోపలికి తీసుకెళ్ళే ప్రశ్నే లేదు, ఆ డ్రయర్ అంటే దానికి ప్రాణభయం. ఊరికే భయమని మనం తీసిపారేస్తాం గానీ కెనడాలో ఒక స్కూలు అమ్మాయి వీటి శబ్దాన్ని పిల్లల చెవి ఎత్తులో పెట్టి కొలిచింది, కొన్ని 100 డెసిబెల్స్ దాటాయి, 2019లో పిల్లల డాక్టర్ల జర్నల్లో వేశారు. మనకి నడుం దగ్గర అరిచేది వాళ్ళకి చెవిలో అరుస్తుంది మరి.

ఆ డ్రయర్ చేతులు ఆరడానికి చేసింది, ఫ్రాక్ కోసం కాదు. పది సెకన్లు ఊదుతుంది, ఆగుతుంది, మళ్ళీ చెయ్యి ఊపాలి, మళ్ళీ ఊదుతుంది. నేను ఒక చేత్తో ఫ్రాక్ పట్టుకుని ఇంకో చేత్తో దానికి హారతిస్తున్నాను. వెనక లైను పెరిగింది. నేను సారీ సారీ అంటుంటే ఒకావిడ "పర్లేదండీ, ఇక్కడా అదే" అని ఒక తడి ప్యాంటు పైకెత్తి చూపించింది, వాళ్ళబ్బాయి బయట బురదగుంట లోతు చూశాడంట. ఇంకొకావిడ చేతిలో పిల్లాడి సాక్సులు. ఇక మాలో మేము ఒక పద్ధతి పెట్టేసుకున్నాం, సాక్సులు త్వరగా ఆరతాయి కాబట్టి ముందు అవి, తర్వాత ఫ్రాక్, ప్యాంటు చివర. నిజంగా చేతులు ఆరబెట్టుకోవాల్సిన ఒక కాలేజీ పిల్ల వచ్చి మా ముగ్గురినీ చూసి చేతులు జీన్స్‌కి తుడుచుకుని వెళ్ళిపోయింది. ఆ పిల్లకి ఇరవై ఏళ్ళకే సంసారం మీద విరక్తి వస్తే అది మా వల్లే.

ఫ్రాక్ మొత్తానికి చెమ్మగా అనిపించేంతవరకు ఆరింది. బయటికొస్తే వాన తగ్గింది. జిరాఫీల దగ్గరికి వెళ్ళాం, వానకి వాటిని షెడ్‌లోకి తోలేశారంట, తలుపు సందులోంచి ఒక కాలు మాత్రం కనిపించింది. మా పెద్దది ఆ కాలికి టాటా చెప్పింది. పైన తల ఉంటుందమ్మా అని చెప్పాం, నమ్మినట్టు లేదు.

తిరుగు ప్రయాణంలో ట్రాఫిక్. వానకి ఏదో చెట్టు పడిందంట, కార్లు కదలవు. పిల్ల నిద్రపోయింది, చిన్నోడు సరిగ్గా అప్పుడే లేచి నాకు కుందేలు చెవి తినిపిస్తున్నాడు. నేను వినేది నిశ్శబ్దమేనా అనుకుంటుంటే డ్రైవింగ్ సీట్లో ఏదో కదలిక. మా ఆయన స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేస్తున్నారు, ఒక మోకాలు ఆడిస్తున్నారు, ఏసీ తగ్గించారు, పెంచారు, మళ్ళీ తగ్గించారు.

"ఏమైందండీ?"

"ఏం లేదు. ఇక్కడ దగ్గర్లో పెట్రోల్ బంకేమైనా ఉందేమో ఫోన్లో చూడు."

"పెట్రోల్ ఫుల్లుగా ఉందిగా?"

ఆయన నావైపు తిరగలేదు. కాళ్ళ దగ్గర ఖాళీ జ్యూస్ ప్యాకెట్లు కారు కొంచెం కదిలినప్పుడల్లా దొర్లుతున్నాయి.

నేను వేళ్ళమీద లెక్క వేశాను. "మీకు ముప్పై ఆరు. రెండు కలిపితే ముప్పై ఎనిమిది, ఇంటూ ముప్పై, 1140. లీటరు దాటి పడుతుందండీ మీకు, ఇల్లు చేరేదాకా ఏం ఢోకా లేదు."

"ఆ ఫార్ములా" అన్నారు పళ్ళు బిగించి, "పిల్లలకే."

వెనక సీట్లోంచి అత్తయ్య, కళ్ళు కూడా తెరవకుండా, "ఈ బ్యాగులో చిన్నోడి డైపర్ ఒకటి మిగిలిందిరా" అన్నారు.