వంతెన మీది పేరు

అమెరికాలోని ఎడిసన్‌లో ఉండే మనవాళ్లను కదిపితే న్యూజెర్సీ టర్న్‌పైక్ గురించి టోల్ నుంచి ట్రాఫిక్ దాకా అన్నీ చెబుతారు. ఆ రోడ్డు రారిటన్ నదిని దాటే చోట ఉన్నది బాసిలోన్ బ్రిడ్జి. ఈ బాసిలోన్ ఎవరని అడిగితే మాత్రం ఎంతమంది చెప్పగలరో మాకు అనుమానమే. తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. మన ఊళ్లలో వీధుల పేర్ల సంగతీ అంతే కదా.

జాన్ బాసిలోన్ సముద్రం మీంచి తీరాన దిగి పోరాడే అమెరికా మెరైన్ దళంలో సార్జెంట్. ఇటలీ నుంచి వలస వచ్చిన ఒక దర్జీ కొడుకు, పదిమంది పిల్లల్లో ఒకరు. పెరిగిన ఊరు రారిటన్. బ్రిడ్జ్‌వాటర్ వెంకన్న గుడికి వెళ్లేవారికి అది పక్క ఊరే. 1942 అక్టోబరు 24 రాత్రి పసిఫిక్‌లోని గ్వాడల్‌కెనాల్ దీవిలో, హెండర్సన్ ఎయిర్‌ఫీల్డ్‌ను తిరిగి పట్టుకోవాలని జపాన్ సేన విరుచుకుపడింది. బాసిలోన్ చేతి కింద ఉన్నవి రెండు మెషిన్‌గన్ దళాలు. ఒక దళంలో నిలబడగలిగినవాళ్లు ఇద్దరే మిగిలారు. ఆయన ఇంకో గన్ను మోసుకెళ్లి అక్కడ నిలిపారు. మొరాయించిన మరో దాన్ని బాగుచేసి తానే కాల్చారు. తూటాలు అయిపోవస్తే శత్రువుల మధ్య నుంచే దారి చేసుకుని వెళ్లి తెచ్చారు. పోరు ముగిశాక, గాయపడిన తోటి సైనికుడిని పలకరించడానికి వచ్చినప్పుడు ఆయన కాళ్లకు బూట్లు లేవట. మొహమంతా మసి, కళ్లు చింతనిప్పులు. అమెరికా అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ వచ్చింది ఈ పోరుకే.

ఇక్కడితో ఆగితే ఇదీ ఒక వీరగాథ, అంతే. మమ్మల్ని ఆలోచింపజేసేది తరవాతి కథ. 1943లో ప్రభుత్వం ఆయన్ను స్వదేశానికి రప్పించి, యుద్ధ బాండ్ల అమ్మకం కోసం సినిమా తారలతో కలిపి ఊరూరా తిప్పింది. సెప్టెంబరు 19న రారిటన్‌లో జరిగిన ఊరేగింపుకు దాదాపు 30 వేల మంది వచ్చారు. యుద్ధానికి డబ్బు కావాలి, కాదనం. కానీ మనిషి బతికుండగానే విగ్రహంలా నిలబెట్టి చప్పట్లు కొడితే, అది ఆయనకు గౌరవమో శిక్షో చెప్పడం కష్టం. ఆఫీసర్ హోదా ఇస్తామన్నారు, ఇక్కడే ఉండి కుర్రాళ్లకు ట్రైనింగ్ ఇవ్వమన్నారు. ఆయన వద్దన్నారు, మళ్లీ యుద్ధానికే పంపమన్నారు. ఒకసారి కాదన్నా పట్టు వదల్లేదు.

యుద్ధపిచ్చి అని కొట్టిపారేయడం తేలిక. మాకు అలా అనిపించదు. గ్వాడల్‌కెనాల్‌లో పక్కన పోరాడినవాళ్లలో ఎందరో తిరిగి రాలేదు. వాళ్లకు రాని చప్పట్లు రోజూ తన చెవిన పడుతుంటే ఎవరికి నిద్రపడుతుంది?

కాలిఫోర్నియాలోని సైనిక శిబిరంలో లీనా రిగ్గీ పరిచయమైంది. ఆమె కూడా మెరైన్ సార్జెంటే. 1944 జులై 10న పెళ్లి చేసుకున్నారు. కొద్ది వారాలకే ఆయన ఓడెక్కారు.

1945 ఫిబ్రవరి 19. జపాన్ దీవి ఇవో జిమాలో దిగిన మొదటి రోజు. అడుగు వేస్తే దిగబడిపోయే నల్లటి అగ్నిపర్వతపు ఇసుకలో సైనికులు తీరాన్ని కరుచుకుని పడుకుంటే, బాసిలోన్ వాళ్లను లేపి ముందుకు నడిపించారు. కాల్పులు కురిపిస్తున్న కాంక్రీటు స్థావరం ఒకదాన్ని పేల్చేశారు. మందుపాతరల మధ్య చిక్కుకున్న ట్యాంకుకు దగ్గరుండి దారి చూపించారు. ఎయిర్‌ఫీల్డ్ అంచుకు చేరేసరికి నేలకొరిగారు. వయసు 28. చనిపోయాక మరో పెద్ద సాహస పతకం నేవీ క్రాస్ ఇచ్చారు. రెండో ప్రపంచయుద్ధంలో ఈ రెండు పతకాలూ పొందినవారిలో ఆఫీసర్ కాని మెరైన్ ఆయనొక్కరే.

రారిటన్‌లో మెషిన్‌గన్ పట్టుకున్న ఆయన కంచు విగ్రహం ఉంది. ఏటా సెప్టెంబరులో అక్కడ పరేడ్ చేస్తారు. ఆయన పేరు పెట్టిన యుద్ధనౌకను టెక్సస్‌లో 1945 డిసెంబరు 21న నీళ్లలోకి దించినప్పుడు నామకరణం చేసింది లీనాయే. అప్పటికి భర్త పోయి పది నెలలు. ఆమె ఇంకో 54 ఏళ్లు బతికారు, 1999లో కన్నుమూశారు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు.