పియానోకు తాళం వేయండి

పిల్లల చేత పియానో ప్రాక్టీసు చేయించడం ఎలా అన్న ప్రశ్నకు ఎట్టకేలకు నేను జవాబు కనిపెట్టాను. హైదరాబాదులో 18 ఏళ్లుగా ఇంటింటికీ వెళ్లి పాఠం చెబుతున్నవాడిని. అందులో 17 ఏళ్లు "ఈ వారం ప్రాక్టీసు చేశావా?" అని అడగడానికే ఖర్చయిపోయాయి. కనుక ఈ విషయంలో నోరు విప్పే అధికారం నాకుందని వినయంగా మనవి చేసుకుంటున్నాను.

మొన్న మంగళవారం తొమ్మిదేళ్ల శిష్యుణ్ణి అదే ప్రశ్న అడిగాను. చేశానన్నాడు. ఎప్పుడు చేశావన్నాను. "మీరు లిఫ్టులో పైకి వస్తున్నప్పుడు సార్" అన్నాడు. వాళ్లది పదకొండో అంతస్తు. లిఫ్టు పాతది. కాబట్టి వాడి మాటను పూర్తిగా కొట్టిపారేయడానికి లేదు.

వాళ్లింట్లో ఉన్నది మూత ఉన్న డిజిటల్ పియానో. 88 మెట్లు: 52 తెల్లవి, 36 నల్లవి. మూత మీద లేసు గుడ్డ, గుడ్డ మీద కొండపల్లి ఏనుగు, ఏనుగు పక్కన ఇస్త్రీకి వెళ్లాల్సిన బట్టలు. ప్రతి శుక్రవారం దానికి పసుపు కుంకుమ పెడతారు. సరస్వతీ స్వరూపం కాబట్టి కాలు తగలకూడదన్నది ఇంటి నియమం. చెయ్యి తగలకూడదని ఎవరూ అనలేదు గానీ, ఆచరణలో అదీ అమలవుతోంది.

తల్లిదండ్రులందరూ నన్ను కోరేది ఒక్కటే. ప్రాక్టీసును సరదాగా మార్చమంటారు. మార్చాను. స్టిక్కర్ల పద్ధతి తెచ్చిన పాపం నాదే. పాటను ఐదుసార్లు వాయిస్తే ఒక నక్షత్రం, పది నక్షత్రాలకు ఒక చాక్లెట్. మొదటి నెల దివ్యంగా నడిచింది. రెండో నెలలో ద్రవ్యోల్బణం మొదలైంది. పది నక్షత్రాలకు ఒక చాక్లెట్ గిట్టుబాటు కావడం లేదని శిష్యుడు చర్చలకు పిలిచాడు. మూడో నెలలో వాళ్లమ్మ రంగంలోకి దిగి ఎక్సెల్ షీటు తయారు చేసింది. ఆకుపచ్చ గడి అంటే ప్రాక్టీసు జరిగింది, ఎరుపు అంటే జరగలేదు, పసుపు అంటే కడుపునొప్పి. నెలాఖరుకు ఆ షీటు ఆవాల చేనులా ఉండేది.

అయినా ఒక వారం గడులన్నీ ఆకుపచ్చగానే వచ్చాయి. పొంగిపోయి జి మేజర్ మినుయెట్ వాయించమన్నాను. జర్మన్ సంగీతకర్త బాఖ్ తన రెండో భార్య ఆనా మాగ్దలేనాకు ఇచ్చిన 1725 నాటి నోటు పుస్తకంలో ఉన్న చిన్న పాట అది. బాఖే రాశాడని చాలాకాలం లోకం నమ్మింది, తీరా చూస్తే క్రిస్టియన్ పెట్జోల్డ్ అనే మరొకాయనదని తేలింది. ఎవరిదైనా, మూడో బార్ (మన ఆవర్తం లాంటి చిన్న ముక్క) చివర ఎఫ్ షార్ప్ రావాలి. నల్ల మెట్టు. మావాడు దాని పక్కనున్న తెల్ల మెట్టు నొక్కాడు. మళ్లీ వాయించమంటే మళ్లీ తెల్లదే నొక్కాడు. రోజుకు ఐదుసార్ల చొప్పున వారానికి 35 సార్లు ఆ తప్పును సాధన చేశాడన్నమాట. నా శిష్యకోటిలో ఇంత నిష్ఠగా ఎవరూ ఏదీ నేర్చుకోలేదు.

దీనికి మందు లేకపోలేదు. చెప్పడానికే సిగ్గుగా ఉంది, అంత చవక. పాట మొత్తం పక్కన పెట్టి ఆ ఒక్క బార్‌ను కుడిచేతితో మాత్రమే, నత్త కూడా విసుక్కునేంత నెమ్మదిగా, తప్పు రాకుండా నాలుగైదుసార్లు వాయించాలి. తర్వాత దాన్ని ముందున్న బార్‌తో అతికించాలి. ఆ తర్వాతే ఎడమచెయ్యి. మర్నాడు మళ్లీ కాసేపు. రోజుకు పదిహేను నిమిషాలు చాలు. ఆదివారం రెండు గంటలు కూర్చోబెట్టి రుబ్బించడం కంటే అదే నిలుస్తుంది. ఈ మాట వాళ్ల నాన్నకు చెప్పాను.

"దీనికి యాప్ ఉందా సార్?" అన్నారు.

"లేదండీ."

"మరి సరిగ్గా వాయించాడో లేదో తెలిసేదెలా?"

"వింటే తెలుస్తుందండీ."

ఆ తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు. కాఫీ వచ్చింది.

ఆ నాన్న లెక్కల మనిషి. గొప్ప విద్వాంసుడు కావాలంటే పదివేల గంటల సాధన కావాలని ఎక్కడో చదివారు. 1993లో మనస్తత్వ శాస్త్రవేత్త ఆండర్స్ ఎరిక్సన్ బృందం బెర్లిన్‌లోని వయొలిన్ విద్యార్థుల మీద చేసిన పరిశోధనలో నుంచి వచ్చిన సంఖ్య అది. ఆ గంటల్లో తమకు రానిచోటును పట్టుకుని తవ్వాలన్న అసలు సంగతి దారిలో ఎక్కడో జారిపోయి, సంఖ్య ఒక్కటే భాగ్యనగరం చేరింది. రోజుకు ఇరవై నిమిషాల చొప్పున పదివేల గంటలకు 82 ఏళ్లు పడుతుందని ఆయన ఫోనులో లెక్క తేల్చారు. అబ్బాయికి 91 వచ్చేసరికి పూర్తవుతుంది. "అయితే తొందరేమీ లేదు సార్, పదో తరగతి అయ్యాక చూద్దాం" అన్నారు.

ఇక చరిత్రను ఆశ్రయించడం తప్పలేదు. పిల్లల ప్రాక్టీసు మన తరంలో పుట్టిన సమస్య కాదని తెలిసి కొంత ఊరట కలిగింది. డబ్లిన్‌లో యోహాన్ లోజియర్ అనే గురువు 1814లో కైరోప్లాస్ట్ అనే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. మణికట్లు వాలిపోకుండా రెండు కడ్డీలు, వేళ్లు పక్కదారి పట్టకుండా గదులు. దాన్ని పియానో ముందు బిగించి పిల్లవాడి చేతులు అందులో పెట్టేవారు. చూడటానికి బొండకొయ్యకు దూరపు చుట్టంలా ఉంటుంది. కాల్క్‌బ్రెన్నర్ అనే పారిస్ పండితుడు దాన్ని మెచ్చి, అలాంటిదే తనదీ ఒకటి తయారు చేయించాడు. వేళ్ల కసరత్తు జరుగుతున్నంతసేపు ఎదురుగా ఏదైనా పెట్టుకుని చదువుకోవచ్చని కూడా ఆయన సెలవిచ్చాడట. ఎదురుగా ఫోను పెట్టుకుని స్కేల్సు వాయించే నా శిష్యురాలు ఒకమ్మాయి ఉంది. ఇన్నాళ్లూ ఆమెను అనవసరంగా కోప్పడ్డాను. ఆమెది పారిస్ సంప్రదాయం.

జపాన్ గురువు షినిచి సుజుకీ దగ్గరికీ వెళ్లాను. తిండి తినే రోజుల్లో మాత్రమే ప్రాక్టీసు చేస్తే చాలని ఆయన మాట. కానీ ఆయన పద్ధతిలో తల్లో తండ్రో పాఠానికి వచ్చి కూర్చోవాలి, ఇంట్లో పిల్లవాడి పక్కన కూర్చోవాలి, అవసరమైతే తామూ నేర్చుకోవాలి. ఇంత ప్రమాదకరమైన విషయాన్ని నేను ఏ ఇంట్లోనూ ప్రస్తావించలేదు. నాకూ కుటుంబం ఉంది.

చివరికి నన్ను ఒడ్డున పడేసినవాడు ఫ్రాంస్వా కూప్రన్. ఫ్రాన్సు రాజాస్థానంలో విద్వాంసుడు. పియానోకు పెద్దక్క లాంటి హార్ప్సికార్డ్ వాయించడం గురించి 1716లో ఒక పుస్తకం రాశాడు. చిన్నపిల్లలకు తొలి పాఠాలు చెప్పేటప్పుడు, వెళ్తూ వెళ్తూ వాయిద్యానికి తాళం వేసి తాళంచెవి తన వెంట పట్టుకుపోతానని అందులో చెప్పాడు. ఎందుకంటే, ముప్పావుగంట తను శ్రద్ధగా నేర్పినదాన్ని పిల్లలు ఒక్క క్షణంలో పాడుచేస్తారట.

మూడు వందల ఏళ్లుగా మనం దీన్నెలా మరిచిపోయామో తెలియదు. మన భాషకు మాత్రం ఈ రహస్యం ముందే తెలుసు. తాళం వేయడమంటే లయ చూపించడమూ అదే, బిగించి మూసేయడమూ అదే. దాన్ని తెరిచే వస్తువును మనవాళ్లు చెవి అన్నారు.

నా ప్రతిపాదన సూక్ష్మంగా ఇది. ప్రతి ఇంట్లో పియానోకు ఆరు రోజులు తాళం వేయాలి. చెవి గురువు జేబులో ఉండాలి. మూతలేని కీబోర్డు అయితే అడాప్టరు తీసుకుపోవాలి. నక్షత్రాలు, చాక్లెట్లు, రంగు గడులు రద్దు. శాస్త్రాధారం కావాలంటే ఎవరి ఇంటికి వాళ్లు చూసుకోండి. మనం దేనికి తాళం వేశామో పిల్లలు దానిలో ఆరితేరారు. ఫోనుకు ఆరంకెల పాస్‌వర్డు పెట్టాం, నాలుగేళ్ల వయసుకే ఛేదించారు. అటక మీద సున్నుండల డబ్బా దాచాం, స్టూలు మీద కుర్చీ వేసే ఇంజనీరింగు నేర్చారు. ఫోను ప్రాక్టీసు కోసం గోడ మీద స్టిక్కర్లు అతికించిన తల్లిని నేను ఇంతవరకూ చూడలేదు. అంతెందుకు, 'ఫ్యూర్ ఎలిజె'ను బేథోవెన్ 1810లో రాసుకుని బయట పెట్టలేదు. ఆయన పోయిన నలభై ఏళ్లకు, 1867లో అచ్చయింది. అన్నాళ్లు దాగి ఉన్నందుకే కాబోలు, నా శిష్యుల్లో అందరికీ మొదటి తొమ్మిది స్వరాలు పుట్టుకతో వస్తాయి. పదో స్వరం ఎవరికీ రాదు.

పరీక్షల మాట అడుగుతారని తెలుసు. లండన్ బోర్డుల ఎనిమిది గ్రేడులకు తాళం వల్ల ఏ ఆటంకమూ రాదు. ఇప్పటికే మనం ఏడాదంతా మూడు నాలుగు పాటలు మాత్రమే అరగదీసి, సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించి, ఆ మర్నాడే వాటిని మరిచిపోతున్నాం. ఐదో గ్రేడు పాసైన నా శిష్యురాలిని మేనమామ కొడుకు పుట్టినరోజున ఏదైనా వాయించమంటే, సిలబస్‌లో లేదంది.

ప్రయోగాత్మకంగా మూడు ఇళ్లలో అమలు చేశాను. మొదటి ఇంట్లో అడాప్టరు పట్టుకుపోయిన సంగతి మూడు వారాల దాకా ఎవరికీ తెలియలేదు. తెలిసింది కూడా పనిమనిషికి, దుమ్ము తుడుస్తుంటే. రెండో ఇంట్లో తల్లిదండ్రులు ఆనందభాష్పాలు రాల్చారు. ఇంట్లో రోజూ జరిగే గొడవ పోయిందని, ఫీజు మామూలుగానే ఇస్తామని, వీలైతే చదరంగం మాస్టారికీ ఈ పద్ధతి నేర్పమని కోరారు.

మూడోది పదకొండో అంతస్తు. ఏనుగును, బట్టలను దించి, మూతకు గొళ్లెం బిగించి, చిన్న తాళంకప్ప వేశాను. ఒక చెవి జేబులో వేసుకున్నాను. తాళంకప్పకు రెండు చెవులు వస్తాయన్న సంగతి ఆ హడావుడిలో మరిచాను. ఆ మరుసటి వారమే రాజమండ్రి నుంచి వాళ్ల నాయనమ్మ దిగింది.

తర్వాతి మంగళవారం లిఫ్టు ఎనిమిదో అంతస్తు దాటేసరికే మినుయెట్ వినిపించింది. తలుపు తీసే ఉంది. నాయనమ్మ సోఫాలో కూర్చుని తొడ మీద తకిట, తకిట అని దెబ్బ వేస్తోంది. చిన్నప్పుడు సరళీ వరుసలు మూడు కాలాల్లో పాడిన చెయ్యి అది. "ప, సరిగమ, ప స స" అని గొంతు కలుపుతోంది. మూడో బార్ దగ్గర చెయ్యి ఆగింది.

"ఇదుగో, ఇక్కడే జారుతున్నావు. ద, మపదని. ఆ ని కాకలి నిషాదంరా. శంకరాభరణంలో బయలుదేరి హరికాంభోజిలోకి పోతావేం? ఆ ముక్క ఒక్కటే వాయించు. మెల్లగా."

ఆవిడ కాకలి నిషాదమే నా ఎఫ్ షార్ప్; అది పక్క తెల్ల మెట్టు మీదికి జారితే రాగమే మారిపోతుంది. వాడు వాయించాడు. తెల్లది. మళ్లీ వాయించాడు. తెల్లది. మూడోసారి వేలు గాలిలో ఒక క్షణం ఆగి నల్ల మెట్టు మీద వాలింది. నాయనమ్మ ఏమీ అనలేదు, తొడ మీద చెయ్యి మళ్లీ కదిలింది. నక్షత్రం ఇవ్వలేదు. వాడూ అడగలేదు.

నియమం నియమమే కనుక నేను గొంతు సవరించుకున్నాను. "అమ్మా, ఈ పియానోకు తాళం వేసి ఉంచాలని చెప్పి వెళ్లాను."

"వేస్తూనే ఉన్నాను కదా బాబూ" అంది ఆవిడ, చెయ్యి ఆపకుండా.

రెండో చెవి ఇమ్మని అడిగాను. కొంగు ముడిలో ఉందట, పాట అయ్యాక చూద్దామంది. వంటింట్లోంచి వచ్చిన కోడలు షీటులో ఇవాళ్టి గడికి ఏ రంగు వేయమంటారని నన్ను అడిగింది. వాడు అప్పటికి రెండో భాగంలోకి వెళ్లిపోయాడు. అది నేనింకా నేర్పలేదు.