వృత్తంలో ఉన్నవారికి వైద్యం అందినట్టే

హైదరాబాద్‌లో వైద్యం అందరికీ సమానంగా అందడం లేదని గొణిగేవాళ్లు ముందు దవాఖానాల పటం చూడాలి. ప్రతి దవాఖానా ఒక ఆకుపచ్చ చుక్క. చుక్క చుట్టూ కిలోమీటరు వృత్తం. వృత్తంలో ఇల్లుంటే వైద్యం అందినట్టే లెక్క. అయినా జబ్బు ముదరబెట్టుకునేవాళ్లు ఉన్నారంటే, అది వాళ్ల క్రమశిక్షణారాహిత్యం.

వృత్తం గీసేటప్పుడు దూరాన్ని స్కేలు పెట్టి తిన్నగా కొలుస్తారు. రైలు పట్టాలు, కంటోన్మెంట్ గేట్లు దానికి అడ్డు రావు. మూసీ అసలే రాదు. జంట జలాశయాల (ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్) గేట్లెత్తి, మూసారాంబాగ్ పాత వంతెన మీద రాకపోకలు ఆపేసిన రోజున కూడా అవతలి ఒడ్డు దవాఖానా ఇవతలి మనిషికి అంతే దగ్గర. నొప్పులు పడుతున్న మనిషిని ఆటోలో గోల్నాక మీదుగా తిప్పి తీసుకెళ్తే, ఆ అదనపు దూరానికి పటం పూచీ లేదు. తిన్నగా వెళ్లమనే కదా అది చెప్పింది!

పటానికి గడియారం కూడా ఉండదు. 2018లో బస్తీ దవాఖానాలు, అంటే సర్కారువారి ఉచిత చిన్న క్లినిక్‌లు, మొదలయ్యాక గల్లీల్లో చుక్కలు పెరిగాయి. (నిజంగానే మంచి పని. బీపీ మాత్రల కోసం ఉస్మానియా దాకా పోయే బాధ చాలామందికి తప్పింది.) కాకపోతే అడ్డా మీద పని దొరికినవాడు ఇంటికొచ్చేసరికి అక్కడ తాళం ఉంటుంది. ఆ రోజు కూలి వదులుకుంటే మాత్రం డాక్టరు పూర్తిగా ఉచితం.

1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టరు, చావు జరిగిన ఇళ్లను పటం మీద గుర్తుపెట్టాడు. గుర్తుల్లో ఎక్కువ భాగం బ్రాడ్ స్ట్రీట్ నీటి పంపు చుట్టూ ముసురుకున్నాయి. ఆ పంపు హ్యాండిల్ పీకించింది కూడా ఆయనే. ఎంత అపశకునపు పద్ధతి! మనం పోయినవాళ్ల జోలికి పోం, కట్టిన భవనాలకే చుక్కలు పెడతాం. ప్రెస్‌మీట్‌లో తెర మీద అవే బాగుంటాయి.

2003లో లువో, వాంగ్ అనే పరిశోధకులు ఇంకో పేచీ పెట్టారు. దవాఖానా దగ్గరుంటే చాలదట, ఒక్కో డాక్టరు మీద ఎంతమంది పడుతున్నారో కూడా లెక్కేయాలట. అలా లెక్కేస్తే పచ్చటి బస్తీలు కొన్ని ఎర్రబడొచ్చు. ఆ టెన్షన్ ఎవరికి కావాలి?

ఇలాంటి పటాలను మనసుపెట్టి చదివేది, కొత్త బ్రాంచి పెట్టబోయే కార్పొరేట్ ఆసుపత్రివాళ్లు. జబ్బులు ఎక్కడున్నాయన్నది వాళ్లకు అనవసరం, ఇన్సూరెన్స్ కార్డులు ఎక్కడున్నాయో కావాలి. వైద్యం అవసరం ఎక్కువున్న చోటే అది తక్కువ దొరుకుతుందనీ, మార్కెట్‌కు వదిలేసిన కొద్దీ ఇది ముదురుతుందనీ 1971లో జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే బ్రిటిష్ డాక్టరు రాశాడు. పాపం, ఆయన హెచ్చరిక అనుకునే రాశాడు. మనవాళ్లకు అది బిజినెస్ ప్లాన్‌లా కనబడింది.

ఇక జల్‌పల్లి లాంటి శివార్లలో పటం మీది పచ్చదనం పలచబడుతోందని ఎవరైనా అడిగితే, అందుకూ ఉపాయముంది. వృత్తం వ్యాసార్ధాన్ని కిలోమీటరు నుంచి మూడుకు జరిపితే వైశాల్యం తొమ్మిదింతలవుతుంది. ఒక్క ఇటుక పేర్చక్కర్లేదు, ఒక్క నర్సును నియమించక్కర్లేదు. మౌస్ పనిచేస్తే చాలు.