వార్కో అత్తీవో

ఇటలీలోని టస్కనీకి నాలుగు రోజులు, అద్దె కారు, జేబులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్. పీసా గోపురాన్ని చేత్తో ఆపుతున్నట్టు ఫొటో అయింది. లూకా కోటగోడ మీద 4 కిలోమీటర్లు సైకిలు తొక్కడం అయింది. కర్రారా పాలరాతి కొండల్ని దూరం నుంచి చూసి మంచు అనుకోవడమూ అయింది. ఇక ఫ్లోరెన్స్.

పాతబస్తీలోకి తిరిగే సందు మొదట్లో గుండ్రటి తెల్ల బోర్డు, చుట్టూ ఎర్ర అంచు. పక్కనే వెలుగుతూ రెండు మాటలు: వార్కో అత్తీవో. వార్కో అంటే ద్వారం, అత్తీవో అంటే యాక్టివ్. ఇంకేం, తలుపు తీసే ఉంది, దయచేయండి అన్నమాట! సిమ్ యాక్టివ్, ఖాతా యాక్టివ్ అంటే పని జరుగుతుందనే కదా ఇన్నాళ్ళూ మనకు తెలిసింది. ఇక్కడ యాక్టివ్‌గా ఉన్నది నెత్తిన కూర్చున్న కెమెరా. ఈ ప్రాంతానికని విడిగా అనుమతి ఉన్న బళ్ళే లోపలికి పోవాలి, జేబులోని డ్రైవింగ్ పర్మిట్ దీనికి పనికిరాదు. మధ్యలో 'నాన్' అని ఉంటేనే అందరికీ ప్రవేశం. అత్తీవో అనే మాటలోనే అత్తగారుంది, గమనించుకోవాల్సింది. పిలుపు తియ్యగానే ఉంటుంది, గుమ్మం దాటాకే లెక్క మొదలవుతుంది.

ఇలా బళ్ళను కట్టడి చేసిన ప్రాంతాన్ని జెడ్‌టీఎల్ అంటారు. దీనికి గేటుండదు, తాడుండదు, ఈల వేసే మనిషుండడు. మన ట్రాఫిక్ పోలీసు చెట్టు చాటున నిలబడినా, కనీసం ఎదురొచ్చి చెయ్యడ్డం పెడతాడు. ఇక్కడ ఆ మర్యాద కూడా లేదు. లోపల సందు సన్నబడుతుంది, హోటల్ బల్లలు రోడ్డు మీదికొస్తాయి. కారు పక్కద్దాలు మూసేసినా చాలదు. డ్రైవరు పొట్ట లోపలికి లాక్కుంటాడు, దాంతో కారు సన్నబడుతుందన్నట్టు. పక్క బల్ల పెద్దాయన ఫోర్కు పక్కన పెట్టి రెండు చేతులూ ఎత్తి ఏదో అంటాడు. ఆశీర్వాదం మాత్రం కాదు. ఫోన్లో మ్యాప్ అమ్మాయి మాత్రం చల్లగా 'కుడికి తిరగండి' అంటుంది. ఆవిడకు దారి పొడవే లెక్క, జరిమానా కాదు. వన్‌వేలో చుట్టి చుట్టి బయటపడి, కంగారులో ఇంకో సందులోంచి మళ్ళీ లోపలికి పోతే అది వేరే ద్వారం, వేరే ఫొటో, వేరే కేసు.

ఫ్లోరెన్స్‌కి కారులో వచ్చేవాళ్ళకు ఎ1 మోటార్‌వే మీద నుంచే విల్లా కొస్తాంజా పార్కింగ్‌లోకి దిగే దారుంది. అక్కడ కారు వదిలేసి టీ1 ట్రామ్ ఎక్కితే సాంతా మరియా నొవెల్లా స్టేషన్ దగ్గర దిగొచ్చు. సియెనాలో సాంతా కతెరీనా పార్కింగ్ నుంచి ఊళ్ళోకి ఎస్కలేటర్లే ఎక్కిస్తాయి. హోటల్ జెడ్‌టీఎల్ లోపలుంటే కారు నంబరు ముందే వాళ్ళకు పంపి, నమోదు చేశామని రాతపూర్వకంగా తీసుకోవాలి. 'పర్లేదు, రండి' అని నోటితో అన్నది చెల్లదు.

దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు నోటీసు తీరిగ్గా వస్తుంది. విదేశీయులకు పంపడానికి వాళ్ళకు 360 రోజుల గడువు మరి. నోటీసు చేతికందిన 5 రోజుల్లో కట్టేస్తే 30 శాతం తగ్గింపట, పండగ ఆఫర్లాగా. దానికన్నా ముందే అద్దె కంపెనీ కార్డులోంచి డబ్బు లాగేస్తుంది. అది జరిమానా కాదు. కారు నడిపింది ఫలానా వాళ్ళు అని పోలీసులకు మీ పేరు చెప్పినందుకు ఫీజు! మనల్ని పట్టించి, పట్టించిన కూలి మన దగ్గరే వసూలు చేసే వ్యాపారం ఇంకెక్కడుంది? తాళాలిచ్చేటప్పుడు టైర్ల గీతలు వేలితో చూపించిన ఆ పిల్లాడు, అత్తీవో అంటే ఏంటో ఒక్క ముక్క చెబితే ఏం పోయింది?

ఫోన్ మళ్ళీ మోగింది. కార్డులోంచి ఇంకో ఫీజు. రెండో ద్వారానిది.