సిగ్నల్ లేదు తాతయ్యా

మా బుజ్జికి నాలుగేళ్ళు. తెలుగు నెలలు నేర్పాలని ఆర్నెల్లుగా కుస్తీ పడుతున్నాను. చైత్రం, వైశాఖం బాగానే చెబుతుంది. జ్యేష్ఠం వచ్చేసరికి దాహం వేస్తుంది, మంచినీళ్ళకి వెళ్ళి మళ్ళీ రాదు. అదే, నేను సోఫాలోంచి లేస్తూ మోకాళ్ళ మీద చేతులానించి తీసే "అమ్మా... నడుమూ" అన్న మూలుగు మాత్రం ఒక్కసారి వినగానే వచ్చేసింది. ఇప్పుడు బొమ్మలు సర్దుకుని లేచినప్పుడల్లా అదే మూలుగు. వాళ్ళమ్మ దగ్గర "సరే, మీ ఇష్టం" పట్టింది. ఆ మాటకి అసలు అర్థం ‘నా ఇష్టం’ అని కూడా దానికి తెలిసిపోయింది. నాకు ఆ సంగతి తెలియడానికి పెళ్ళయ్యాక మూడేళ్ళు పట్టింది.

ఇవన్నీ చూసి మురిసిపోయేవాళ్ళం. ఆ ఆదివారం దాకా.

మా మామగారు తెనాలిలో ఉంటారు. ప్రతి ఆదివారం పదకొండింటికి నాకు ఫోన్ చేస్తారు. మంచి మనిషి. కాకపోతే కరెంటు బిల్లుతో మొదలుపెట్టి, పక్కింటివాళ్ళు అరడుగు ఇటు జరిపి కట్టిన ప్రహరీ గోడ మీదుగా మోకాలి నొప్పి దాకా వచ్చి, అక్కణ్ణించి మళ్ళీ గోడ దగ్గరికి వెళతారు. గోడ మొదటిసారి వచ్చినప్పుడు నేను శ్రద్ధగానే వింటాను. రెండోసారి వస్తోందనిపించగానే మెల్లగా బాల్కనీలోకి నడిచి, ఎడంచెయ్యి నడుం మీద పెట్టుకుని, "ఆఁ... అవునవును... చూద్దాం" అంటూ కాసేపు నెట్టుకొచ్చి, చివరికి "హలో... మామయ్యగారూ... విని... పిం... చట్లే..." అని కట్ చేసేస్తాను. ఇన్నేళ్ళలో ఒక్కసారీ దొరకలేదు. మా ఆవిడక్కూడా తెలియదు.

ఇక్కడ మామగారి ఉద్యోగం గురించి ఒక మాట చెప్పాలి. ఆయన టెలిఫోన్ శాఖలో స్తంభాలెక్కి తీగలు సరిచేసిన మనిషి. 2000 అక్టోబరులో అది బీఎస్ఎన్ఎల్ అయ్యాక కూడా అందులోనే ఉండి, 2020 జనవరి 31న దేశమంతా ఒకేసారి దిగిపోయిన సుమారు 78 వేల మందితో పాటు స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నారు. అలాంటాయనకి నేను సిగ్నల్ కథలు చెబుతున్నానన్నమాట. ఆ ఆలోచన నాకు ముందే రావాల్సింది.

ఆ రోజు నేను స్నానంలో ఉన్నాను. ఫోన్ మోగితే బుజ్జి తీసింది. కొత్తావకాయ జాడీ చూపిద్దామని ఆయన వీడియో కాల్ చేశారు. అది ఫోన్‌ని నాలాగే చెవికి ఆనించుకుంది. అంటే తాతయ్యకి కనిపించింది చెవి ఒక్కటే. ఆ చెవితోనే ఆయన జాడీ గురించి మాట్లాడుతుండగా, ఇది బాల్కనీలోకి నడిచింది. ఎడంచెయ్యి నడుం మీదికెళ్ళింది. "ఆఁ... అవునవును... చూద్దాం తాతయ్యా" అంది. వంటింటి గుమ్మంలోంచి చూస్తున్న మా ఆవిడ నవ్వుకుంటోంది. అప్పుడు బుజ్జి గొంతు మార్చి, "హలో... తాతయ్యా... సిగ్... నల్... లేదూ..." అని, ఎర్ర బొత్తాం నొక్కేసి, "అబ్బ" అని ఊపిరి వదిలింది.

ఆ "అబ్బ" నేనెప్పుడు అంటున్నానో నాకే తెలియదు.

నేను తువ్వాలుతో బయటికొచ్చేసరికి మామగారు మా ఆవిడ ఫోన్‌కి చేశారు. ఆవిడ స్పీకర్ పెట్టి నా ముందు పట్టుకుంది.

"అల్లుడుగారూ, పిల్ల చెవిపోగు రాయి మెరవడం కూడా కనిపిస్తోంది నాకు. సిగ్నల్ లేదంటుందేమిటండీ?"

"చిన్నపిల్ల కదండీ మామయ్యగారూ, ఆడుకుంటోంది."

"అవునవును. కాకపోతే లైను పోతే మాటని మింగేస్తుందండీ. ఇలా అక్షరం అక్షరం విడగొట్టి, దీర్ఘాలతో సహా అందించదు. నా సర్వీసులో అలాంటి ఫాల్టు ఎక్కడా చూడలేదు. మీ ఫోన్‌లో తప్ప."

ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేయదంటారు. మా దూడ నేరుగా మామగారి చేలోనే పడింది.

ఆ రాత్రి మా ఆవిడ తన బీఎడ్ చదువు బయటికి తీసింది. 1961లో స్టాన్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ బందూరా అనే ఆయన 72 మంది చిన్నపిల్లలతో ఒక ప్రయోగం చేశాడట. పెద్దవాళ్ళు గాలిబొమ్మని సుత్తితో బాదడం చూసిన పిల్లలు, తర్వాత తామూ అలాగే బాదారట. కొట్టేటప్పుడు పెద్దలు అన్న మాటలు కూడా అన్నారట. "మా నాన్నేమైనా గాలిబొమ్మా?" అని అడిగింది. నిజానికి ఆ క్షణంలో గాలిబొమ్మ నేనే. సుత్తి ఒక్కటే తక్కువ.

మరుసటి ఆదివారం పదకొండింటికి నేనే ఫోన్ చేశాను. కరెంటు బిల్లు అయింది. గోడ అయింది. మోకాలు అయింది. గోడ రెండోసారి వచ్చింది, మొదటిసారి చెప్పని కొలతలతో సహా. కదలకుండా సోఫాలోనే కూర్చుని విన్నాను. నలభై నిమిషాలు దాటాక, గోడ మూడోసారి లేస్తుండగా, దేవుడు సాక్షి, సిగ్నల్ నిజంగానే పోయింది.

"హలో! మామయ్యగారూ! హలో! వినిపిస్తోందా అండీ?" అని ఇల్లదిరేలా అరిచాను. మా ఆవిడ వంటింట్లోంచి గరిటెతో వచ్చి నిలబడింది.

బుజ్జి బొమ్మలు పక్కన పెట్టి, మోకాళ్ళ మీద చేతులానించి, "అమ్మా... నడుమూ" అంటూ లేచింది. నా దగ్గరికొచ్చి జాలిగా చూసింది.

"అలా కాదు నాన్నా. ముందు బాల్కనీలోకి వెళ్ళాలి."