"ఇంకో ఐదొందలు వేస్తే విమానమే": ఆరుగురి కుటుంబానికి కుదరని లెక్క

దసరా సెలవులు దగ్గర పడ్డాయంటే చుట్టాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరగడం మొదలవుతుంది. దాని సారాంశం ఇది: ఏసీ రైలు టికెట్టుకు మరో ఐదొందలు కలిపితే విమానం టికెట్టే వస్తుంది, రైల్లో పన్నెండు గంటలు పట్టే ఊరికి విమానం గంటంబావులో చేరుస్తుంది కనుక ఒక రోజు సెలవు మిగులుతుంది, పిల్లలకూ పెద్దవాళ్లకూ విమానమే సుఖం, రైలు ఎప్పుడూ ఆలస్యం, విమానం ఎప్పుడూ సమయానికే, రైల్లో రిజర్వేషన్ దొరకదు, విమానంలో ఎప్పుడైనా దొరుకుతుంది, కాబట్టి కుటుంబంతో ఇంకా రైలెక్కేవారు పాత అలవాటు వదలలేనివారు. మా బంధువుల్లోనే ముగ్గురు దీన్ని నాకు పంపారు. ఇందులోని కొన్ని మాటలు కొన్ని దూరాలకు నిజమే. అయితే సందేశంలో ఉదాహరణగా ఇచ్చినది హైదరాబాద్ నుంచి విశాఖపట్నం ప్రయాణం, అదీ తాతయ్య, నానమ్మ, తల్లిదండ్రులు, తొమ్మిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు ఉన్న ఆరుగురి కుటుంబం. అచ్చం మా ఇల్లే. అందుకే ఆ ఉదాహరణనే పట్టుకుని జవాబు రాస్తున్నాను.

ముందుగా డబ్బు సంగతి. హైదరాబాద్, విశాఖల మధ్య రైలు దూరం సుమారు 700 కిలోమీటర్లు. గోదావరి ఎక్స్‌ప్రెస్ వంటి రైలులో థర్డ్ ఏసీ బెర్తుకు 1,200 రూపాయల లోపే అవుతుంది. ఈ ఛార్జీ రెండు నెలల ముందు కొన్నా, పండగ వారంలో కొన్నా ఒక్కటే. ఆఖరికి తత్కాల్‌లో తీసుకున్నా థర్డ్ ఏసీకి పడే అదనపు రుసుము 400 రూపాయలు దాటదు. విమాన ఛార్జీ స్వభావం వేరు. మామూలు వారంలో, నెల ముందు కొంటే మనిషికి మూడు నాలుగు వేలకు దొరికేది, దసరాకో సంక్రాంతికో రెండింతలూ మూడింతలూ అవుతుంది. మరి "ఐదొందల తేడా" ఎక్కడి నుంచి వచ్చింది? నాకు అర్థమైనంతలో, సందేశం రాసినవారు ఆఫర్లో ఎప్పుడో కనిపించిన అతి తక్కువ విమాన ధరను తీసుకొని, దాన్ని వందే భారత్ ఎగ్జిక్యూటివ్ తరగతి ఛార్జీ పక్కన పెట్టి పోల్చారు. 2023 జనవరిలో ఆ రైలు మొదలైనప్పుడే సికింద్రాబాద్ నుంచి విశాఖకు ఎగ్జిక్యూటివ్ ఛార్జీ మూడు వేలు దాటింది. అంటే రైళ్లలో అత్యంత ఖరీదైన సీటును విమానాల్లో అత్యంత చవకైన సీటుతో పోల్చారన్న మాట. సెలవులకు వెళ్లే కుటుంబాల్లో ఎక్కువ మంది ఈ రెండింటిలో దేన్నీ కొనరు.

పిల్లల విషయంలో సందేశం "రైల్లోనూ ఇప్పుడు ఫుల్ టికెట్టే కదా" అంటుంది. ఇది సగం నిజం. 2016 ఏప్రిల్ 21 నుంచి, ఐదేళ్లు నిండి పన్నెండేళ్లు నిండని పిల్లలకు విడిగా బెర్తు కావాలంటే పెద్దల ఛార్జీ చెల్లించాల్సిందే. బెర్తు వద్దనుకుంటే సగం ఛార్జీ సరిపోతుంది. కానీ ఐదేళ్లలోపు పిల్లలు తల్లి పక్కన పడుకునేట్టయితే రైల్లో వాళ్లకు టికెట్టే అక్కర్లేదు. విమానంలో రెండేళ్లు నిండిన పిల్లవాడికి సొంత సీటు కొనాల్సిందే, దానికి పెద్దల ఛార్జీయే. కనుక మా కుటుంబానికి రైలులో ఐదు బెర్తులు, విమానంలో ఆరు సీట్లు. లెక్క వేస్తే రైలు ఒకవైపుకు 6,000, రానూపోనూ 12,000. విమానం మనిషికి 4,000 చొప్పున ఒకవైపుకు 24,000, రానూపోనూ 48,000. అదృష్టం బాగుండి 2,500కే దొరికిందనుకున్నా 30,000. అంటే తేడా మనిషికి, ఒకవైపు ప్రయాణానికి, తక్కువలో తక్కువ 1,500. దీనికి తోడు కూకట్‌పల్లి నుంచి శంషాబాద్‌కు ఆరుగురూ సామానూ పట్టే పెద్ద కారు, అక్కడ విశాఖ విమానాశ్రయం నుంచి బీచ్ రోడ్డు దాకా మరో పెద్ద కారు కావాలి. సందేశంలో కారు ఊసే లేదు. వయోవృద్ధులకు రైల్వే ఇచ్చే రాయితీ 2020 మార్చిలో ఆగిపోయిందన్న సంగతి మాత్రం దాని రచయిత మరువలేదు. ఆ మాట నిజమే, ఆ బాధ నాకూ ఉంది. కానీ పై లెక్క ఆ రాయితీ లేకుండా వేసినదే.

ఇక సమయం. ఈ సందేశం జనానికి నచ్చడానికి కారణం ఈ ఒక్క అంశమే అనుకుంటాను, ఎందుకంటే పన్నెండు గంటలూ గంటంబావూ అని పక్కపక్కన రాస్తే ఇక వాదనకు చోటుండదు. అయితే ఆ గంటంబావు విమానం రన్‌వే మీద నుంచి లేచి దిగే సమయం. ఉదయం ఏడు గంటల విమానానికి ఇంట్లో పిల్లల్ని మూడింటికి లేపాలి. బ్యాగులు తీసుకునే కౌంటరు విమానం బయలుదేరడానికి గంట ముందే మూసేస్తారు. ఆపైన భద్రతా తనిఖీ వరుస ఎంత ఉంటుందో తెలియదు గనుక, ముసలివాళ్లతో వెళ్లే ఎవరైనా రెండు గంటల ముందే చేరుకుంటారు. నగరంలో ఉత్తరం వైపు ఉండేవారికి శంషాబాద్ చేరడానికే గంటా గంటన్నర. దిగాక బ్యాగుల కోసం నిలబడటం, మళ్లీ కారు. ఇంటి గుమ్మం నుంచి విశాఖలో గది గుమ్మం దాకా లెక్కేస్తే ఐదున్నర, ఆరు గంటలు అవుతుంది. రైలుతో పోలిస్తే ఇదీ తక్కువే కదా అనవచ్చు. కానీ సెలవులో లెక్కించాల్సింది మెలకువగా ఉండే పగటి గంటలను. గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం ఐదు దాటాక నాంపల్లిలో కదిలి, మరునాడు ఉదయం ఆరు కాకముందే విశాఖ చేరుతుంది. ఆ పన్నెండు గంటల్లో పిల్లలు నిద్రపోయేవి ఎనిమిది. ఉదయపు విమానం ఎక్కినవారు సెలవులో ఒక పూట ప్రయాణానికి ఇస్తున్నారు. రాత్రి రైలు ఎక్కినవారు పనిదినం చివర్లో మిగిలిన సాయంత్రాన్ని, ఎలాగూ పడుకోవాల్సిన రాత్రిని ఇస్తున్నారు.

రాత్రి విమానం ఉంది కదా అని మా బావమరిది అడిగాడు. ఉంది. అయితే రాత్రి పది గంటలకు విశాఖలో దిగితే, రెండు గదులకు ఒక రాత్రి అద్దె అదనంగా కట్టాలి. రైలులో ఆ రాత్రి అద్దె బెర్తు ఛార్జీలోనే ఉంది. ఉదయం ఆరుకు దిగితే మధ్యాహ్నం పన్నెండు దాకా హోటల్ వాళ్లు గది ఇవ్వరన్నది న్యాయమైన అభ్యంతరమే. కానీ ఎనిమిదింటికి విమానం దిగినవారికీ అదే ఇబ్బంది. పైగా అరకు వెళ్లాలనుకునేవారికి ఆ ఉదయం కలిసివస్తుంది: ఏడు గంటల లోపు విశాఖలో బయలుదేరే కిరండూల్ రైలును, అందులో 2017 నుంచి నడుస్తున్న అద్దాల విస్టాడోమ్ పెట్టెను, అదే ప్లాట్‌ఫారాల మీద అందుకోవచ్చు. గోదావరి గంట ఆలస్యమైతే మాత్రం అది అందదు. ఒకసారి మాకు అందలేదు కూడా. కళ్లముందే రైలు వెళ్లిపోతుంటే మా పాప ఏడ్చిన ఏడుపు ఇంకా గుర్తుంది.

వందే భారత్‌ను మెచ్చుకుంటూనే ఒక మాట చెప్పాలి. సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం మూడింటికి కదిలి ఎనిమిదిన్నర గంటల తరువాత, అర్ధరాత్రికి కాస్త ముందు విశాఖ చేరే ఆ రైలు, పేరుకు వేగమైనదే అయినా, పిల్లలున్న కుటుంబానికి పై లెక్క ప్రకారం రాత్రి రైలు కంటే ఖరీదైనది: పగలూ పోతుంది, ఆ రాత్రి గది అద్దె కూడా కట్టాలి.

సుఖం గురించి సందేశం పలికినంత ధీమాగా నేను పలకలేను, ఎందుకంటే ఇది మనుషుల్ని బట్టి మారుతుంది. మోకాళ్ల నొప్పులున్నవారికి విమానాశ్రయంలో చక్రాల కుర్చీ, తోసుకెళ్లే మనిషి అడిగితే దొరకడం పెద్ద వెసులుబాటు. రైల్వే స్టేషన్లో వంతెన మెట్లెక్కి బోగీ వెతుక్కోవడం వాళ్లకు శిక్షే. కానీ బోగీ ఎక్కాక మా నాన్నగారు కాళ్లు చాపుకుని పడుకోగలరు, అమ్మ అటూ ఇటూ నాలుగడుగులు వేయగలదు, బాబుకు ఆకలేస్తే స్టీలు డబ్బాలో దద్దోజనం ఉంటుంది. కింది బెర్తు రావడం లేదని చాలామంది ఫిర్యాదు చేస్తారు. అందుకు కారణం తరచుగా మన బుకింగ్ పద్ధతే. అరవై దాటిన పురుషులకు, నలభై ఐదు దాటిన స్త్రీలకు కేటాయించిన కింది బెర్తుల కోటా, వారు ఒంటరిగానో ఇద్దరుగానో టికెట్టు తీసుకున్నప్పుడే వర్తిస్తుంది. ఐదుగురినీ ఒకే టికెట్టులో కలిపేస్తే ఆ అవకాశం పోతుంది. అమ్మానాన్నల టికెట్టు విడిగా తీయడం మొదలుపెట్టాక మాకు ఈ సమస్య చాలావరకు తగ్గింది. సామాను గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు: దేశీయ విమానాల్లో మామూలు టికెట్టు మీద సాధారణంగా మనిషికి 15 కిలోల బ్యాగు, చేతి సంచి 7 కిలోలు, థర్డ్ ఏసీలో 40 కిలోలు.

రైలు ఆలస్యం, విమానం సమయానికి అన్న మాట 2025 డిసెంబరు తరువాత కూడా తిరుగుతుండటం నాకు ఆశ్చర్యం. పైలట్ల పనివేళల కొత్త నిబంధనలకు తగినంత మంది సిబ్బంది లేక ఇండిగో ఆ నెల మొదటి వారంలో వేలాది సర్వీసులు రద్దు చేసింది. శంషాబాద్‌లోనూ జనం నేల మీద పడుకున్నారు. మిగిలిన విమానాల ధరలు ఎంతగా ఎగబాకాయంటే, ప్రభుత్వం జోక్యం చేసుకుని 500 నుంచి 1,000 కిలోమీటర్ల దూరానికి ఎకానమీ ఛార్జీ 12,000 రూపాయలు మించకూడదని పరిమితి విధించాల్సి వచ్చింది. పరిమితే పన్నెండు వేలంటే అంతకుముందు ధర ఎక్కడుందో ఊహించుకోవచ్చు. రైళ్లు ఆలస్యం కావని నేను అనడం లేదు. పైన విస్టాడోమ్ కథ చెప్పాను. తుఫాను వస్తే రెండింటిదీ ఒకటే గతి: 2014 అక్టోబరులో హుద్‌హుద్‌కూ, 2025 అక్టోబరులో మొంథాకూ విశాఖ వైపు రైళ్లూ విమానాలూ రెండూ ఆగాయి. దసరా, దీపావళి మధ్య తీరానికి వెళ్లేవారు ఏ వాహనం ఎంచుకున్నా ఈ జూదం ఆడక తప్పదు.

రిజర్వేషన్ దొరకదన్న వాదనను మాత్రం తోసిపుచ్చలేను. సందేశంలో బలమున్న మాట ఇదొక్కటే. 2024 నవంబరు 1 నుంచి ముందస్తు బుకింగ్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. అరవయ్యో రోజు ఉదయం ఎనిమిదింటికి ఫోన్ పట్టుకుని కూర్చోకపోతే పండగ రోజుల్లో ఐదు బెర్తులు ఒకేచోట దొరకడం కష్టం. తత్కాల్ ప్రయాణానికి ముందు రోజు ఉదయం పదింటికి ఏసీ తరగతులకు తెరుచుకుంటుంది, కానీ పిల్లల్నీ పెద్దల్నీ వెంటబెట్టుకుని వెళ్లేవారు దాని మీద ఆధారపడకూడదు. ఇంకో చిక్కు ఏమిటంటే, సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణం వల్ల కొన్ని రైళ్లు 2025 జనవరిలో ప్రారంభమైన చర్లపల్లి టెర్మినల్‌కు మారాయి. మియాపూర్‌లో ఉండేవారికి చర్లపల్లి దూరం తక్కువేమీ కాదు. అయినా "విమానంలో ఎప్పుడైనా దొరుకుతుంది" అన్న వాక్యంలో ఏ ధరకు అన్న ప్రశ్న దాగుంది. ఆఖరి నిమిషంలో రైలు బెర్తు దొరకదు, విమానం సీటు అందదు. మధ్యతరగతి కుటుంబానికి ఈ రెండింటికీ ఫలితంలో తేడా లేదు. ఆన్‌లైన్‌లో తీసుకున్న వెయిటింగ్ లిస్టు టికెట్టు చార్టు వేశాక ఖాయం కాకపోతే దానంతట అదే రద్దై, స్వల్ప రుసుము పోను డబ్బు తిరిగొస్తుంది. చవక విమాన టికెట్టును మనమే రద్దు చేసుకుంటే చేతికొచ్చేది చాలాసార్లు నామమాత్రమే.

సందేశంలో విశాఖ అన్న చోట ఢిల్లీ అని ఉంటే నేను ఇంత రాసేవాణ్ని కాదు. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఉదయం ఆరింటికి బయలుదేరి 1,650 కిలోమీటర్లకు పైగా నడిచి మరునాడు ఉదయానికి ఢిల్లీ చేరుతుంది. అక్కడ ఒక రాత్రితో పాటు పూర్తి పగలు కూడా పోతుంది, రానూపోనూ రెండు పగళ్లు. ఐదు రోజుల సెలవులో రెండు రోజులు కిటికీ పక్కనే గడపడం ఇష్టమైతే తప్ప, ఆ దూరానికి విమానమే సబబు. మేమూ అలాగే వెళ్లాం. తిరుపతి, విశాఖ, బెంగళూరు వంటి ఒక రాత్రి దూరాలకు ఈ వాదన పనికిరాదు.

మా ఇంట్లో ఈసారి వెళ్లడానికి గోదావరిలో ఐదు బెర్తులూ ఖాయమయ్యాయి, అమ్మానాన్నలకు రెండూ కిందివే. తిరుగు ప్రయాణానికి ఆదివారం రాత్రి రైలు చూస్తే వెయిటింగ్ లిస్టు అరవై దాటింది, విమానం మనిషికి తొమ్మిది వేలు చూపించింది. సోమవారం రాత్రి రైలుకు తీసుకున్నాం. మంగళవారం ఉదయం దిగి పాప బడికి నేరుగా వెళ్లాలి, నేను ఆఫీసులో ఒక రోజు సెలవు అదనంగా పెట్టాను.